లావాలో పడే గొంతు

ఆ వీడియో గేమ్‌లో ఏ భాగం తీసుకున్నా ఓ అగ్నిపర్వతం ఉంటుంది. వీరుడు లావాలో జారిపడితే వినిపించే చావుకేక మాత్రం, ఆ గేమ్‌కు స్టూడియోలో చప్పుళ్లన్నీ చేసిపెట్టే సౌండ్ మాస్టారిది. కేకకు ముందు ఆయన గోరువెచ్చటి నీళ్లు తాగి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, నిజంగానే దూకబోతున్నట్టు చెప్పులు కూడా విడుస్తారు. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గు. ఓ సాయంత్రం పక్కింటి పిల్లలు ఆడుతుంటే ఆ కేక గోడ దాటింది. బట్టలారేస్తున్న భార్య తడిచేతులతో లోపలికి పరుగెత్తుకొచ్చింది. మాస్టారు తాపీగా బఠాణీలు ఒలుస్తున్నారు. ఆమె గుమ్మంలోనే కూలబడింది. మళ్లీ కేక. "అదీ నేనేనే," అన్నారాయన తలొంచుకుని. "ఎన్నిసార్లు చస్తారండీ!" అని నవ్వబోయి, ఏడ్చేసింది. మర్నాడు స్టూడియోలో "ఇంకాస్త గట్టిగా చావాలి మాస్టారూ!" అని కుర్రాళ్లు ఎంత బతిమాలినా ఆయన గొంతు పెగల్లేదు. అందుకే కొత్త భాగంలో వీరుడు పళ్లు బిగించి, చప్పుడు చేయకుండా మునిగిపోతాడు.