బాబాయి మూడు ప్రశ్నలు

మా బాబాయి ఎవరినైనా సరే మూడు ప్రశ్నలు అడగందే గుమ్మం దాటనివ్వడు. ఎందుకొచ్చారు? ఎన్నాళ్లుంటారు? తిరుగు టికెట్టేదీ? ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని రిటైరైన మనిషి కాబట్టి అడగడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్యే. ఈ మూడూ మాత్రం మా విదేశయాత్ర పుణ్యం.

మన పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేని ద్వీపం ఒకటుందని చెప్పింది నేనే. "వీసా గొడవ లేదు బాబాయ్, పెట్టె సర్దుకుని బయల్దేరడమే" అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను.

"వీసా లేదంటే అడగరని కాదురా వెర్రివాడా! ఇక్కడ అడగాల్సినవి అక్కడ దిగాక అడుగుతారు. సరిగ్గా చెప్పకపోతే వచ్చిన విమానంలోనే తిరుగుటపా!" అన్నాడు బాబాయి.

బట్టలు మడతపెడుతున్న పిన్ని చేతులు ఆగిపోయాయి. పిన్నికి కౌంటరంటే చచ్చేంత భయం. అద్దం వెనక మనిషి కనబడితే నోరు పెగలదు. బ్యాంకులో తన పేరడిగినా బాబాయి వంక చూస్తుంది.

"నేను రాను. మీరిద్దరూ వెళ్లిరండి" అనేసింది. సముద్రం చూడాలని ముచ్చటపడ్డది ఆవిడే.

బాబాయి మర్నాడే వంటింటి ఎదురుగా ముందుగదిలో బల్ల వేశాడు. దానిమీద టికెట్లు, హోటల్ బుకింగు, ఒక్కోదానికి నాలుగేసి జిరాక్సులు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకి పైనే ఉందో లేదో రోజూ చూసుకునేవాడు, ఎవరో కొరుక్కుతింటున్నట్టు. ఇంటికి ఎవరొచ్చినా ఇంగ్లీషులో ప్రశ్న వేసి, తెలుగులో అర్థం చెప్పేవాడు. మొదట గ్యాస్ బండ తెచ్చినాయన దొరికాడు.

"ఎందుకొచ్చారు?"

"బండ ఇద్దామనండీ."

"ఎన్నాళ్లుంటారు?"

"రెండు నిమిషాలండీ."

"తిరుగు టికెట్టు?"

"ఖాళీ బండ ఇచ్చేస్తే పోతానండీ!"

"శభాష్! బెదరకుండా చెప్పారు" అని బల్లమీద గరిటెతో ముద్ర కొట్టాడు. వారం ఉందామని వచ్చిన అల్లుడైతే రెండోరోజే నిజంగా తిరుగు టికెట్టు కొనుక్కున్నాడు.

నాకు ఒళ్లుమండింది. "ఊరందరినీ అడుగుతావు, పిన్నిని ఒక్కమాటా అడగవు. భయం ఎవరికి?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

టికెట్లు కొనేశాం కదా అని పిన్ని ఏడుపు మొహంతోనే బయల్దేరింది. ద్వీపంలో దిగాక కౌంటరు దగ్గరికి ఒక్కొక్కరినే రమ్మన్నారు. బాబాయి పిన్నిని ముందుకు తోశాడు.

ఆఫీసరు ఏదో అడిగాడు. "హాలిడే" అంది పిన్ని. ఇంకేదో అడిగాడు. "సెవెన్ డేస్." మూడోది అడిగేలోపే తిరుగు టికెట్టు తీసి ముందు పెట్టింది. ముద్ర పడింది.

తర్వాత బాబాయి గొంతు సవరించుకుని ఫైలు విప్పాడు. ఆఫీసరు తలెత్తకుండానే ముద్ర కొట్టేశాడు.

"అదేంటండీ, నన్నేమీ అడగరా?" అని బాబాయి అచ్చ తెలుగులో నిలదీశాడు. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"ఇవన్నీ ఎప్పుడు నేర్చావు పిన్నీ?"

"నేర్చేదేముందిరా! నెల్లాళ్లు చెవిలో జోరీగలా రొద పెడితే రాదూ? గ్యాసాయన చెప్పగాలేంది, నేను చెప్పలేనా అనుకున్నా."

బాబాయి పెట్టె వెతుక్కుంటున్నట్టు నటిస్తున్నాడు. "అడిగితే భయపడుతుందిరా" అన్నాడు నాతో మెల్లగా. "వినడానికి భయమేముంది?" అల్లుణ్ణి కూడా లెక్కచేయని ఆ మూర్ఖుడి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

హోటల్లో పిన్నే ముందు నడిచి, సముద్రం కనబడే గది కావాలంది. లేవన్నాడు కౌంటరులో కుర్రాడు.

"వై?" అంది పిన్ని.

గది దొరికింది. పెట్టెలు మోసుకుంటూ బాబాయి కిక్కురుమనకుండా ఆవిడ వెనకే మేడెక్కాడు.