మైల పట్టని వాళ్లు

డిసెంబరు వస్తే ఫోన్లలో ఒక బొమ్మ తిరుగుతుంటుంది. నక్షత్రం, దీపం, నెలవంక పక్కపక్కన పెట్టి "అందరికీ పండగ శుభాకాంక్షలు" అని రాసి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మలో పక్కపక్కన ఉండటానికేం, ఎంతసేపైనా ఉంటాయి. గోడకు గోడ ఆనుకుని బతికే మనుషులను అడగాలి అందులో కష్టమేమిటో.

మాది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మేము చర్చికి పోయేవాళ్లం. గోడ అవతల అక్క వాళ్లది వేటకు పోయే ఇల్లు, గోడలనిండా దేవుళ్ల పటాలు. అక్క అంటే తోడబుట్టింది కాదు, నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి అలాగే పిలుస్తున్నాను. దేవుడికి పెట్టిన ప్రసాదం మేము తినమని ఆమెకు తెలుసు. అందుకని ధనుర్మాసంలో పొంగలి వండినప్పుడు నైవేద్యం పెట్టకముందే ఒక గిన్నె తీసి మా గోడ మీద పెట్టేది. దేవుడికంటే ముందు ఇంకొకరికి తీయడం వాళ్ల ఇళ్లలో తప్పు. వాళ్లత్త ఉన్నన్నాళ్లూ సణుగుతూనే ఉండేది. "ఆయన కొండ మీదుండే పెద్దాయన. పక్కింటోళ్ల తర్వాత తింటే అరిగిపోడులే" అనేది అక్క.

మేమూ తక్కువేం తినలేదు. ఆమె భర్త, నేను అన్నా అని పిలిచే మనిషి, ఏటా అయ్యప్ప మాల వేసేవాడు. మాలలో ఉన్నవాళ్లు మా ఇంట్లో వండినవి తినరు. అందుకని క్రిస్మస్‌కు వాళ్లింటికి మాత్రం అరిసెలు కాకుండా బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు పచ్చి సరుకుగానే పళ్లెంలో పెట్టి ఇచ్చేవాళ్లం. అక్క తలస్నానం చేసి వాటితో తనే ఏదో ఒకటి చేసేది. అన్న నల్లపంచె ఎగ్గట్టి గోడ మీదికి వంగి "హ్యాపీ క్రిస్మస్ మా!" అని వీధంతా వినపడేలా అరిచేవాడు. మా చర్చిలో కూడా అంత గట్టిగా ఎవరూ చెప్పుకోరు.

పోయిన నవంబరులో ఆయన ఇంకా మాల వేయలేదు. ఇంకో వేట చూసుకుని వేస్తానన్నాడు. ఆ వేటలోనే వాయుగుండం వచ్చి బోటు తిరగబడింది. బోటులో ముగ్గురు ఉంటే ఇద్దరిని వేరే ఊరివాళ్లు పైకి లాగారు. అన్న దొరకలేదు. పోలీసులు వెతికారు, ఊరివాళ్లు వెతికారు. సూళ్లూరుపేటలో ఉండే అక్క తమ్ముడు ఒడ్డు వెంబడి ఊరూరా అడుగుతూ పులికాట్ దాకా పోయి వచ్చాడు. బోటు దొరికింది, వల దొరికింది, మనిషి జాడ లేదు.

అక్క ఏడవలేదు. "అరవ బోటోళ్లు ఎక్కిచ్చుకోనుంటారు. ఆ పక్క యాడో దించుంటారు. ఫోను తడిసి పొయ్యుంటాది" అంటుండేది. అలా అనడానికి ఆమెకు ఆధారం ఉంది. మా ఊరి మనిషే ఒకడు వెనకటికి అలాగే మాయమై, ఇంట్లో కర్మలకు బియ్యం కొలుస్తుంటే నడుచుకుంటూ వచ్చాడు. పెద్దలు వచ్చి కర్మ సంగతి ఎత్తితే "శవాన్ని చూపించండి, చేస్తా" అంది. బొట్టు తీయలేదు. ధనుర్మాసం మొదలైన రోజు చీకటితోనే లేచి, వాకిలి చిమ్మి, ఎప్పటికంటే పెద్ద ముగ్గు వేసింది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు. వేయరు కాబట్టే ఆమె వేసింది.

ఆ నెలంతా తెల్లవారుజామున గుడి భజనవాళ్లు వీధులు తిరుగుతారు. ప్రతి వాకిట్లో ఆగి ఒక పాట పాడి, ఇంటివాళ్లు పోసే బియ్యం తీసుకుని పోతారు. మొదటి రోజే అక్క ఇల్లు రాగానే తాళాలు ఆపి, తలలు వంచుకుని దాటిపోయారు. ఆమె చేటలో బియ్యంతో నిలబడే ఉంది. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. దుఃఖం ఉన్న ఇంటి ముందు తాళాలు వాయించకూడదని నిజంగానే నమ్మారు. ఉన్నాడో పోయాడో తెలియని మనిషికి మైల ఎట్లా పట్టారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తెల్లారాక అక్క గోడ దగ్గరికి వచ్చింది.

"మావోళ్లు మైలకు భయపడినారు. మీకు మైలా అంటూ లేవు గదా మే?"

"లేవక్కా."

"అయితే మీవోళ్లు వొస్తారు. ఎప్పట్లాగా మీ పాటలోళ్లు వొచ్చి ఈడ పాడితే చాలు. ఆయన వుండాడన్నట్టే."

ఆ ముడి ఎలా వేసుకుందో నేను అడగలేదు. ఏదో ఒకటి పట్టుకోనీ అనుకున్నాను. మా కేరల్స్ వాళ్లు ఏటా క్రిస్మస్‌కు ముందు ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతారు, అక్క ఇంటి ముందు రెండు పాటలు ఎక్కువే పాడతారు. నేను పాస్టరయ్యగారి దగ్గరికి పోయాను.

"అయ్యగారూ, ఆ ఇంటి ముందు ఎప్పట్లాగానే పాడాల" అన్నాను.

ఆయన మంచివాడు. వచ్చిన చిక్కంతా అదే. "అంత దుఃఖంలో వుండే మనిషి ముందర డప్పు కొడితే ఏం బాగుంటాదమ్మా? వాళ్ల ఆచారాన్ని మనం గౌరవించొద్దా?"

"ఆచారం కాదయ్యగారూ. ఆమే అడగతా వుంది."

"నువ్వు బాధపడబాకమ్మా. ఆ ఇంటిని దాటిపోం. నేను మాటిస్తా వుండా."

మాటిచ్చాడని సంబరపడుతూ వచ్చి అక్కకు చెప్పాను. కేరల్స్ రోజు ఆమె తలంటుకుని పూలు పెట్టుకుంది. గ్లాసులు చాలవని మా ఇంట్లోవి పట్టుకుపోయి పెద్ద గిన్నెతో కాఫీ కాచింది. నేనూ వాళ్ల వాకిట్లోనే నిలబడ్డాను.

పొద్దు గుంకుతుండగా వీధి మొదట్లో డప్పు వినపడింది. ఒక్కో ఇల్లే దగ్గరవుతుంటే అక్క నా చేయి పట్టుకుంది. మా ఇంటి ముందు పాడారు. ఆ తర్వాత డప్పు ఆగిపోయింది. నక్షత్రం పట్టుకున్నతను దాని లైటు ఆర్పాడు. క్రిస్మస్ తాత వేషం కట్టినతను ముసుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు. మాటిచ్చినట్టే దాటిపోలేదు. అయ్యగారు అక్క ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని, గొంతు తగ్గించి ప్రార్థన చేశాడు.

"ప్రభువా, ఈ ఇంటికి మీ ఆదరణ దయచేయండి. ఈ సహోదరి కన్నీళ్లు మీరే తుడవండి."

మా మామగారు పోయినప్పుడు మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టాం. ఆ రోజు అక్క చాప మీద నా పక్కనే కూర్చుని ఈ మాటలే విన్నది. ఇవి ఎలాంటి ఇంట్లో చదువుతారో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందరూ ఆమెన్ అన్నారు. అక్క అందరికీ కాఫీ ఇచ్చింది. తాగి, ఆమెకు దండం పెట్టి, వీధి చివరిదాకా డప్పు కొట్టకుండా నడిచిపోయారు. వాళ్లలో ఒక్కడు చెడ్డవాడు ఉన్నా నాకు బాగుండేది. వాడిని నాలుగు తిట్టి, కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. తెల్లవారుజామున వచ్చినవాళ్లూ మంచివాళ్లే, సాయంత్రం వచ్చినవాళ్లూ మంచివాళ్లే. ఇంతమంది మంచివాళ్లు కలిసి అన్నను చంపేశారు.

అక్క పూలు తీసి ఖాళీ గ్లాసుల పళ్లెంలో పెట్టింది.

"మైల పట్టనోళ్లకు గూడా తెలిసిపోయిందే" అంది. "నాకే తెలీలా."

"వాళ్లకేం తెలుసక్కా, వెర్రోళ్లు. రేపే వొచ్చినా వొస్తాడు" అన్నాను. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినపడింది.

"మా తమ్ముడికి ఫోన్ చెయ్ మే. నా నోటితో నేను చెప్పలేను. పుట్టింటి చీర తెమ్మను."

మా వైపు భర్త పోయిన ఆడమనిషికి కర్మ రోజు పుట్టింటివాళ్లు చీర తెచ్చి పెడతారు. శవాన్ని చూపించమని పెద్దలను తరిమిన మనిషి తన నోటితో తనే ఆ చీర అడిగింది. వద్దని బతిమాలాను. వినలేదు. నా ఫోను తనే తీసి నా చేతిలో పెట్టింది.

ఒకసారి మోగగానే నా నంబరు చూసి తమ్ముడు ఎత్తాడు. నన్ను మాట్లాడనివ్వలేదు.

"అక్కా! పండగ ముందర నువ్వు ఫోన్ చేసినావంటే మంచి కబురే అయ్యుంటాది. మా బావ వొచ్చినాడా?"

ఆ మాట అక్కకూ వినపడింది. జవాబు నా దగ్గర ఉందేమో అన్నట్టు నా మొహంలోకి చూసింది.

"చీర తెమ్మంటా వుంది నాయనా" అన్నాను.