నాలుగో బల్బు

నా చిన్నప్పుడు ఆదివారమంటే మా బాబాయి పక్కన కూర్చోవడమే. ఆయన విజయవాడ వన్ టౌన్‌లో ఒక రేడియో రిపేరు కొట్టులో పనిచేసేవారు. వారానికోసారి కంకిపాడులో ఉన్న మా ఇంటికి వస్తూ, పాడైన రేడియో ఒకటి సంచిలో వేసుకొచ్చేవారు. వసారాలో చాప పరిచి ఆయన దాన్ని విప్పుతుంటే, ఊడదీసిన మరలన్నీ లెక్కపెట్టి సీసా మూతలో వేయడం నా పని. పదకొండు విప్పితే పదకొండూ మళ్ళీ ఎక్కాలి. ఒక్కటి తగ్గినా నన్నే అడిగేవారు. అలా అడగడం నాకెంతో గర్వంగా ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి మా తెలుగు టీచరుగారు వాన మీద చిన్న నాటకం రాశారు. సూర్యుడి వేషం పక్కింటి అక్కకి వచ్చింది. నాకంటే ఒక్క ఏడాది పెద్దది. నాకు వచ్చింది రెండో రైతు వేషం. నా మాటలు మొత్తం నాలుగు, వాటిలో ఒకటి ‘అవును’. అదైనా ఓర్చుకునేదాన్నే. కానీ సూర్యుడి కిరీటానికి లైట్లు పెట్టే పని టీచరుగారు మా బాబాయికి అప్పగించారు.

మూడు ఆదివారాలు సంచిలోంచి రేడియో బయటికి రాలేదు. బాబాయి అట్టతో ఐదు కొమ్ముల కిరీటం కత్తిరించి, బంగారు రంగు కాగితం అంటించి, కొమ్ముకొక టార్చి బల్బు బిగించారు. పక్కింటి అక్కని మా చాప మీద, నేను కూర్చునే చోటే కూర్చోబెట్టి దారంతో తల కొలిచారు. ఒకసారి కాదు, మూడుసార్లు. నా తల ఆయన ఒక్కసారీ కొలవలేదని ఆ పూట అన్నం ముందు కూర్చుని తలుచుకున్నాను.

బ్యాటరీలు నడుముకి కట్టిన గుడ్డ సంచిలో, తీగ జడలో, స్విచ్చి గుప్పిట్లో. ఆరు బ్యాటరీలు ఒకటిన్నర వోల్టు చొప్పున తొమ్మిది, ఐదు బల్బులకి పంచితే ఒక్కోదానికి ఒకటి పాయింటు ఎనిమిది అని లెక్క చేసిచ్చింది నేను. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకున్నది మాత్రం కిరీటం పెట్టుకున్న పిల్లని. బల్బులన్నీ ఒకే తీగ మీద వరుసగా ఉన్నాయి గనక ఒకటి వదులైతే ఐదూ ఆరిపోతాయని బాబాయి చెప్పారు. ఆరిపోతే బ్యాటరీల దగ్గర మొదలుపెట్టి, మొదటి బల్బు, రెండో బల్బు, ఇలా ఒక్కటీ వదలకుండా చూసుకుంటూ పోవాలని కూడా చెప్పారు. రెండు మాటలూ విన్నాను. మొదటిదే మనసులో పెట్టుకున్నాను.

నాటకం రోజు శనివారం. కిరీటం మా వసారాలో బల్ల మీద ఉంది, దగ్గర ఎవరూ లేరు. ఎడమ నుంచి నాలుగో బల్బుని ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాను. చూస్తే తేడా తెలియదు.

మధ్యాహ్నం బడి హాల్లో కిటికీలు మూసి చీకటి చేశారు. తెర వెనక, కొట్టు నుంచి తిన్నగా బడికే వచ్చిన బాబాయి పక్కన, అక్క స్విచ్చి నొక్కింది. మళ్ళీ నొక్కింది. వెలగలేదు. వాళ్ళ నాన్నగారు ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఐదు నిమిషాల్లో వెలగకపోతే సూర్యుణ్ణి తీసేసి వానతోనే మొదలుపెడదామన్నారు టీచరుగారు.

అక్క ఎవరినీ అనుమానించలేదు. "నేనే పాడుచేశానండీ బాబాయి గారూ. ఇందాక జడలో పెట్టుకుంటూ తీగ గట్టిగా లాగాను," అంది.

ఆ మాట వినగానే నేను ముందుకి జరిగాను. నా చేతులు చిన్నవి గనక నన్నే చూడమని బాబాయి కిరీటం అందించారు. అందుకుని, ఇంకేదీ ముట్టుకోకుండా, నాలుగో బల్బు పట్టుకుని ఒకటిన్నర చుట్టు బిగించాను. ఐదూ వెలిగాయి.

"నువ్వుండబట్టి సరిపోయిందే," అని అక్క నన్ను కావలించుకుంది.

బాబాయి నవ్వలేదు. వంగి, నాకు మాత్రమే వినపడేలా అడిగారు. "సరాసరి నాలుగోదానికే వెళ్ళావేం అమ్మడూ?"

మరలు రెండేసి సార్లు లెక్కపెట్టేదాన్ని, వెలుగుతున్న ఐదు బల్బుల్నీ మళ్ళీ లెక్కపెట్టాను. ఆయన కిరీటం నా చేతిలోంచి తీసుకున్నారు. తరవాత, "అక్క జడలో తీగ నువ్వే కట్టు. ఊడకుండా కట్టు," అన్నారు, అంతే.

కట్టాను. పాయ పాయకీ ఒక ముడి వేశాను. చీకట్లో సూర్యుడు వెలిగితే హాలంతా ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. నా అసూయ అప్పటికీ పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. సిగ్గుపడుతూనే అసూయపడ్డాను.

మర్నాడు బాబాయి ఎప్పటిలాగే రేడియో తెచ్చి చాప పరిచారు. జరిగింది ఎవరికీ చెప్పలేదని అమ్మ మాటల్ని బట్టి తెలిసింది. తొమ్మిది మరలు అన్నాను. ఆయన తిరిగి లెక్కపెట్టలేదు. ఆ రాత్రి ఏడ్చాను. ఆయన కొడితే అంత ఏడ్చేదాన్ని కాదేమో.

పక్కింటి అక్కకి మాత్రం నేను చెప్పాను, కానీ ఇరవై ఆరేళ్ళ తరవాత. ఆమె చాలాసేపు నవ్వి, "మా నాన్నకి ఆ కిరీటం ఎంత నచ్చిందో నీకు తెలుసా," అని అడిగింది. తెలియదన్నాను.

మొన్న మా తోడికోడలి మనవరాలు బడి పోటీకి తయారుచేసిన హెల్మెట్ పట్టుకొచ్చింది. రూపాయి బిళ్ళంత బ్యాటరీ, బియ్యపు గింజల్లాంటి లైట్లు, తల తిప్పితే రంగులు మారుతున్నాయి. మా తోడికోడలు మురిసిపోతోంది. నా కన్ను నేరుగా చెవి పక్కన ఊడుతున్న జిగురు మీదికి పోయింది. అది చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఎవరినైనా మెచ్చుకుంటుంటే ఇప్పటికీ నా చూపు లోపాన్ని ఒక్క క్షణంలో పట్టేస్తుంది. అంత త్వరగా దొరికిందంటే నేను వెతకలేదన్నమాట, ముందే కోరుకున్నానన్నమాట. నోరు మూసుకుని ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చూపించమన్నాను. పద్దెనిమిది లైట్లూ చూపించింది. జిగురు దగ్గరికి వచ్చేసరికి, బాగా చేశావని అప్పటికే మూడుసార్లు అని ఉన్నాను.