పొద్దున్నే తెరుచుకునే ఫోల్డర్

మా ఆయన పోయాక షాపు నేనే తెరుస్తున్నాను. కాశిబుగ్గలో చిన్న డీటీపీ సెంటర్ మాది. పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు, చర్చివాళ్ళ కూడికల కరపత్రాలు చేస్తాం. షట్టరెత్తి, ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, నేను దేన్నీ ముట్టకముందే ఒక ఫోల్డర్ తనంతట తాను తెరమీద పరుచుకునేది. లోపల ఏమీ ఉండదు, తెల్లటి ఖాళీ. పైన పేరుండాల్సిన చోట కొమ్ములు మొలిచిన ఇంగ్లిషు అక్షరాలు, ఒక డాలర్ గుర్తు, ఏవో చుక్కలు. ఎక్స్ మీద నొక్కి మూసేదాన్ని. మర్నాడు మళ్ళీ హాజరు.

ఈ గోల ఆయన ఉన్నప్పుడే మొదలైంది. కిడ్నీలు పాడై దవాఖాన చుట్టూ తిరుగుతున్న రోజులవి. షాపు మూతపడితే ఇల్లు గడవదని పక్కన కూర్చోబెట్టుకుని నాకు పని నేర్పాడు. ఆయన మంచాన పడ్డాక ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. పొద్దున లేస్తే ఆయనకు మందులు, వంట, బట్టలు. అవన్నీ అయ్యేసరికి గిరాకీల ఫోన్లు. తినకుండానే ఉరికేదాన్ని. దానిమీద రోజూ మా ఇద్దరికీ లొల్లే. చివరిసారి ఆయన షాపుకొచ్చింది ఒక సాయంత్రం, "కంప్యూటర్ జర సాఫ్ జేసిస్త" అని ఆటోలో. ఆ తెల్లారి నుంచే ఫోల్డర్ తెరుచుకోవడం మొదలైంది.

ఇంటికొచ్చి గొడవపడ్డాను. "సాఫ్ జేసినవా, వైరస్ వెట్టినవా? ఆన్ చేయంగనే ఏదో ఫోల్డర్ తెరుసుకుంటాంది."

"ఏమని రాసున్నది దాని మీద?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"ఏం రాసుంటది, నా మొఖం! పిచ్చి గీతలు."

"కీబోర్డు మంచిగ నేర్చుకో. చదవొస్తది."

"నీకేంది, మంచంల పండుకొని నవ్వులాటలు. ఆడ గిరాకీలు నా పానం తీస్తాండ్రు."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. మంచినీళ్ళిచ్చి, వీపు రాసి, వంటింట్లోకి పోయాను. నా చేతి నత్తనడకను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కొన్నాళ్ళకే పోయాడు.

మా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం పేర్లతో పిలుచుకోరు. పెళ్ళైన కొత్తలో ఆయన నన్ను "ఇగో" అన్నాడు, అదే నా పేరైపోయింది. నీళ్ళు కావాలన్నా ఇగో, కోపమొచ్చినా ఇగో. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గుంపు మధ్య ఉన్నా, ఆయన ఎక్కడినుంచో ఇగో అంటే నేనే తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు అందరూ నన్ను పిలుస్తారు. అక్కా అంటారు, మేడం అంటారు, అమ్మా అంటారు. ఆ ఒక్క పిలుపు మాత్రం లేదు. మనిషి పోయిన దుఃఖం ఒకెత్తు, ఆ పిలుపు పోయిన దుఃఖం ఒకెత్తు నాకు.

ఆ దుఃఖమంతా ఫోల్డర్ మీద చూపించాను. ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూశాను. నిన్న తెరిచి ఉంచినవాటిని ఇవాళ మళ్ళీ తెరవమనే టిక్కు ఒకటుంటుంది, అది తీసెయ్యమన్నారు. వెళ్ళి చూస్తే అక్కడ టిక్కే లేదు. యాంటీవైరస్ పెట్టి ఒక మధ్యాహ్నమంతా వెతికించాను. ఏ పురుగూ దొరకలేదు. చివరికి విసుగొచ్చి, తెరను ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. బండి వేసుకుని వచ్చాడు.

"వైరస్ కాదక్కా. స్టార్టప్ అని ఒకటుంటది. దాంట్ల ఏది వెడితే అది ఆన్ చేయంగనే తెరుసుకుంటది. ఎవరో ఈ ఫోల్డర్ షార్ట్‌కట్ దాంట్ల వెట్టిండ్రు."

"లోపలేమున్నది?"

"ఏం లేదు, ఉత్తదే. తీసెయ్యన్నా?"

"మొత్తానికే తీసెయ్యి తమ్మీ. దాని మొఖం మళ్ళ నాకు కనవడొద్దు."

షార్ట్‌కట్‌నూ ఫోల్డర్‌నూ రెండింటినీ మళ్ళీ తిరిగిరాకుండా తుడిచేశాడు. చాయ్ తాగి పోయాడు. మర్నాడు ఆన్ చేస్తే తెర మీద ఏమీ తెరుచుకోలేదు. హమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను.

తర్వాత కొన్ని రోజులకు నర్సంపేట నుంచి ఒక పెద్దాయన తన కూతురి పెళ్ళి కార్డుకు వచ్చాడు. బస్సు పోతుందని "జర జల్ది చెయ్యి బిడ్డా" అంటూ నా నెత్తిన కూర్చున్నాడు. ఆ తొందరలో ఫైలుకు పేరు పెట్టేటప్పుడు కీబోర్డును తెలుగు నుంచి ఇంగ్లిషుకు మార్చడం మరిచిపోయాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసే పొరపాటే ఇది, నాకు మాత్రం అదే మొదటిసారి. మా పాత తెలుగు ఫాంటు పేజీలో అయితేనే తెలుగుగా కనిపిస్తుంది. ఫైలు పేరులో కొడితే ఆ ఫాంటు ఉండదు కనుక పిచ్చి గీతలుగా మారిపోతుంది. పెండ్లి అని కొట్టాను. కొమ్ముల ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు వచ్చాయి.

నా చేయి ఆగిపోయింది. ఇలాంటి గీతలే. ఇలాంటివాటినే కదా నేను రోజూ మూసింది!

ఫోన్లో ఆ ఫొటో ఇంకా ఉంది. దాన్ని తెర పక్కన ఆనించి, ఏ అక్షరానికి ఏ గీత వస్తుందో ఒక్కొక్కటే కొట్టి చూశాను. మొదటి గీతకు ఏవేవో కొట్టాను, కలవలేదు. ఇ కొట్టాను. కలిసింది. రెండోది గో.

ఇగో.

మిగతాదానికి వెతుక్కోవాల్సిన పని పడలేదు. తినకుండా పనికి కూర్చుంటానని ఆయన రోజూ అరిచే మాటే. కొడుతూ పోతే ఫొటోలోని గీతలన్నీ అలాగే వచ్చాయి. ఇగో తిని కూసో.

"ఏమైంది బిడ్డా, తప్పువడ్డదా?" అన్నాడు పెద్దాయన కంగారుగా.

"లేదు పెద్దయ్యా. సరిగనే ఉన్నది," అన్నాను. కార్డు మీద కళ్ళు నిలవలేదు. పెళ్ళికొడుకు ఇంటిపేరు పెద్దాయనే చదివి దిద్దించాడు.

పెద్దాయన బస్సుకు వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆ ఫోల్డర్ మళ్ళ తేవచ్చునా తమ్మీ?"

"ఉత్త ఫోల్డరే గదక్కా. దాంట్ల ఏమున్నదని?"

"పేరున్నది," అన్నాను.

"పేరుకేముందక్కా, కొత్తది జేసి అదే పేరు వెట్టుకో."

అలాగే చేశాను. ఫొటో చూసుకుంటూ పేరు కొట్టి, స్టార్టప్‌లో పెట్టాను. ఇప్పుడు పొద్దున్నే ఆన్ చేయగానే తెరుచుకుంటుంది. గిరాకీలు ఎవరైనా ఉంటే, "మేడం, మీ దాంట్ల వైరస్ ఉన్నట్టున్నది" అంటారు. ఉండనియ్యండంటాను. గీతలన్నీ అవే, ఒక్క చుక్క కూడా తేడా లేదు. కానీ అవి కొట్టింది నేను. ఆయన కొట్టిన దాన్ని దగ్గరుండి తుడిపించాను.

మూయకుండా దాన్ని అలాగే ఉంచి, ముందు టిఫిన్ డబ్బా తీస్తాను. తినే కూర్చుంటాను.