జెట్టీ మీద డిక్షనరీ

జీతం తక్కువా, మిడిసిపాటు ఎక్కువా అయిన రోజులవి. డెబ్బైల్లో విశాఖ హార్బరులో, ఓడల సరుకు దింపించే ఓ కాంట్రాక్టరు ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాని. పాత పుస్తకాల బండి మీద కొన్న లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి ఎప్పుడూ నా బల్ల మీద ఉండేది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ (ఎక్కువగా అడగనివాళ్ళకే) మాటల అర్థాలూ, పుట్టుపూర్వోత్తరాలూ చెప్పేవాణ్ణి. అందుకే జెట్టీ మీద అందరికీ నేను డిక్షనరీ బాబుని. ఒకటో తారీఖున పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ కాగితం సంతకం కోసం మేనేజరుగారి సొరుగులో ఉంది.

మే నెల. యూరియా బస్తాలు దింపుతున్న కలాసీలు జెట్టీ మీదే తాగునీళ్ళ డ్రమ్ము పెట్టమన్నారు. గేటు దగ్గర కుళాయి ఉందిగా అన్నారు మేనేజరుగారు. (అక్కడికి వెళ్ళి రావడానికి అరగంట, వచ్చాక ఆ అరగంటకి చీవాట్లు.) దాంతో కలాసీల మేస్త్రీ చెయ్యి కిందికి ఊపాడు. ఓడ మీది వించి యంత్రం గిరగిరా తిరిగి, బస్తాలెత్తే కొక్కెం వచ్చి నేల మీద పడుకుంది. మా హార్బరులో అదే పద్ధతి, కొక్కెం నేలకి దిగిందంటే పని ఆగినట్టే. నినాదాల్లేవు, జెండాల్లేవు. అందరూ బస్తాల నీడన కూర్చున్నారు.

మేనేజరుగారు మండిపడ్డారు. "స్ట్రైకనేది మిల్లుల్లో మాట, ఓడల దగ్గర దానికేం పని? నీ డిక్షనరీ తెచ్చి, ఆ మాట ఎక్కడ పుట్టిందో వీళ్ళకి చదివి చెప్పు" అన్నారు. నా ఒళ్ళు పొంగిపోయింది. మొదటిసారి మేనేజరంతటాయన అడిగి మరీ చెప్పించుకుంటున్నారు! ముందు ఓసారి చూసుకుందామన్న ఇంగితం కూడా లేకుండా బస్తా ఎక్కి మొదలుపెట్టాను. కొట్టడం అని ఒక అర్థం, అగ్గిపుల్ల గీయడం అని ఇంకొకటి, గడియారం గంట కొట్టడం అని మరొకటి. మేనేజరుగారు తలాడిస్తున్నారు. ఆ తర్వాత వచ్చింది, పని మానేయడం. వెనకటికి ఇంగ్లండు రేవులో నావికులకి కోపమొచ్చి, తెరచాపలు కిందికి దించేసి, ఓడల్ని కదలనివ్వలేదట. తెరచాప దించడాన్ని స్ట్రైకనేవారట. పని ఆపడానికి ఆ పేరు అలా వచ్చిందట. చదువుతూండగానే నా గొంతు సన్నబడింది. అందరి కళ్ళూ నేల మీది కొక్కెం వైపు తిరిగాయి.

"అయితే ఇది మిల్లోల్లది కాదన్నమాట. ఓడలకాడ మాటే!" అన్నాడు మేస్త్రీ.

"పుస్తకం ముయ్యవోయ్!" అన్నారు మేనేజరుగారు.

"మరోపాలి సదువు బాబూ," అన్నాడు మేస్త్రీ తాపీగా. "ఓడలోపలున్నోలికి ఇనపడనేదు."

సొరుగులోని కాగితం కళ్ళముందు మెదిలింది. భయం వేసింది, నిజమే. కానీ చదవమన్నదీ ఆయనే, ముయ్యమన్నదీ ఆయనేనా అని అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. ఓడ అడుగుదాకా వినపడేలా రెండోసారి చదివాను.

సాయంత్రానికి నీళ్ళ డ్రమ్ము వచ్చింది. నా కాగితం మాత్రం సొరుగు దాటలేదు; ఒకటో తారీఖున నన్నే గేటు దాటించారు. పోతూ పోతూ ఆ డ్రమ్ములో నీళ్ళు రెండు గ్లాసులు తాగి మరీ పోయాను.

ఇప్పుడు మద్దిలపాలెంలో అద్దెకుంటున్నాం. మొన్న ఇంటాయన మా వాటాకి మూడు రోజులు నీళ్ళు వదల్లేదు. నేను నోరెత్తకుండా బకెట్లు పట్టుకుని పక్కవీధి కుళాయికి తిరిగాను. ఈ కథ వందసార్లు విన్న మా ఆవిడ అటక మీంచి డిక్షనరీ దించి, దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టింది. "మరోపాలి సదవండి" అంది. బస్తా ఎక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. కళ్ళజోడు వెతుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని ఇంటాయన మేడ మెట్లెక్కాను.