అనుమానాలమ్మ నీళ్ళ పరీక్ష

ల్యాబ్‌లో అందరూ ఆవిడకి పెట్టిన పేరు అనుమానాలమ్మ. పిలిస్తే నవ్వుతూ పలికేది కూడా. నీళ్ళలో ఏ విషం ఎంత కలిసిందో తేల్చే పనిలో జుట్టు నెరవడం మొదలైంది గానీ, "ఇదెక్కడి నుంచి వచ్చిందబ్బా?" అనే కుతూహలం మాత్రం తగ్గలేదు. ఇంట్లో కుళాయి నీళ్ళు రంగు మారితే ఇంకొకరైతే తిట్టుకుంటారు. ఈవిడ సీసా వెతుక్కుంటుంది.

నీళ్ళు పట్టుకురావడానికి ఎక్కడికి వెళ్ళినా ల్యాబ్‌లో శుద్ధి చేసిన నీళ్ళ సీసా ఒకటి వెంట తీసుకెళ్ళి, అక్కడ మూత తీసి, మళ్ళీ బిగించి తెచ్చేది.

"నీళ్ళ కోసం నీళ్ళు మోసుకెళ్ళే మనిషిని నిన్నే చూశానమ్మా," అనేవాడు డ్రైవరు.

మన చేతుల్లోంచి ఏదైనా కలిస్తే ఈ మంచినీళ్ళలోనూ తేలుతుందని, ఈ తోడుసీసా పట్టిచ్చేస్తుందని ఓపిగ్గా చెప్పేది.

ఒక వానాకాలం అక్క ఉండే వీధి నుంచే ఫిర్యాదు వచ్చింది. బోరు నీళ్ళు నురగలు కడుతున్నాయట. పక్కనే గుడ్డలకి తడి అంటకుండా పూత వేసే ఫ్యాక్టరీ. అందులో ఫోర్‌మన్ ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బావ! తప్పు తేలితే ఫ్యాక్టరీకి తాళం, బావకి ఇంటిదారి. తేలకపోతే అక్క పిల్లలతో సహా వీధంతా ఆ నీళ్ళే తాగాలి. ఇంకెవరినైనా పంపమంటే, "ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు పై అధికారి.

జోరువానలో వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది. ఫలితం వచ్చింది. పూతలో వాడే మందు దండిగా ఉంది. కానీ, ఇదేం చోద్యం, తోడుసీసాలోనూ అదే మందు! చేతి తొడుగులు, మూతలు, గరాటు, ఒక్కొక్కటీ కడిగి ఆ నీళ్ళు పరీక్షించింది. ఊహూఁ. చివరికి కొక్కేనికి వేలాడుతున్న తన వానకోటు మీద కన్ను పడింది. దానికీ అదే పూత! దాని చేతుల మీంచి కారిన చుక్కలే సీసాల్లో పడ్డాయి. ఊరందరి తప్పులూ పట్టే మనిషి తన తప్పు తనే పట్టుకుని పడీపడీ నవ్వింది.

సంగతి వినగానే అక్క ప్రాణం లేచొచ్చింది. "చూశావా! నీ కోటు పాపం మా ఆయన నెత్తిన రుద్దబోయావు."

"ఆగక్కా, మళ్ళీ పట్టి చూడాలి."

ఈసారి కోటు లేకుండా, ముద్దగా తడుస్తూ పట్టింది. తోడుసీసాలో ఏమీ లేదు. బోరు నీళ్ళలో మాత్రం మందు ఉంది. మొదట కనిపించినంత కాదు గానీ, తాగకూడనంత. కాళ్ళీడ్చుకుంటూ అక్క ఇంటికి వెళ్ళి చెప్పింది.

"కోటుదే అని రాసెయ్యవే, నీకు పుణ్యముంటుంది," అని అక్క చెల్లెలి చేతులు పట్టుకుంది. "సగం నిజమేగా?"

"మిగతా సగం పిల్లల కడుపులోకి వెళ్తోందక్కా."

అక్కకి ఏడుపొచ్చింది. చెల్లెలికీ ఆగలేదు.

డ్యూటీ దిగి వచ్చిన బావ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. లోపలికొచ్చి, బల్ల మీదున్న బిందె ఎత్తి నీళ్ళన్నీ తూములో ఒంపేశాడు.

"ఉన్నదున్నట్టు రాసెయ్ మరదలా," అన్నాడు. "పని ఇంకోటి వెతుక్కుంటాను. పిల్లల్నెక్కడ వెతుక్కోను?"