ఆటోస్టార్టర్ రూప్లా

కోదాడ చుట్టుపక్కల బోరు మోటరు కాలిపోయిన రైతును ఎవరినడిగినా ఒకటే పేరు చెబుతాడు: ఆటోస్టార్టర్ రూప్లా. అసలు ఇంటిపేరు ఏమిటో కరెంటు బిల్లు మీద చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. అనంతగిరి రోడ్డులో ఊరు దాటాక, పొలాలు మొదలయ్యే చోట అతని రేకుల షెడ్డు ఉంటుంది. పొద్దున లేస్తే రాగితీగ, వార్నిష్ వాసన, కాలిన మోటర్లు. ముప్పయ్యేళ్లుగా అదే బతుకు.

పేరు మాత్రం ఆ చిన్న డబ్బా వల్ల వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో రైతు చేను గట్టు మీదే పడుకునేవాడు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే తిరిగేట్టు చేసే డబ్బాను రూప్లా బిగించి ఇచ్చాడు. అదే ఆటోస్టార్టర్. తర్వాత అధికారులు అవి వద్దన్నారు, తీసేయమన్నారు, జనం వింటేగా! హాలియా దాకా అతను బిగించినవి ఇప్పటికీ చేలల్లో ఉన్నాయి. కరెంటొస్తే మోటరు తిరగాలి, తిరగకపోతే అది ఇనుప ముద్ద. రూప్లాకు తెలిసిన నీతి అంతా ఇంతే. పాపం, ఆ నీతే కొంప ముంచింది.

అతనికి ఉన్న ఒకే ఒక్క ప్రాణస్నేహితుడు ఏసుబాబు. కోదాడలో తలుపులు చెక్కే మనిషి, వయసులో రూప్లా కంటే పెద్ద. ఏసుబాబు ఉలి పట్టి ద్రాక్ష గెల చెక్కితే పిట్ట వచ్చి పొడుస్తుందేమో అనిపించేది, నేనేం ఎక్కువ చేసి చెప్పడం లేదు. అలాంటి కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టేయడం మొదలుపెట్టింది. డాక్టరు ఉలి తగ్గించమన్నాడు. అదే సమయంలో తలుపులు చేయించుకునేవాళ్లంతా మిర్యాలగూడలో పెట్టిన సీఎన్‌సీ మిషన్ దగ్గరికి వెళ్లిపోసాగారు. అక్కడ కంప్యూటర్లో బొమ్మ పెడితే చాలు, మిషనే చెక్కేస్తుంది.

“ఇంక మూడు నాలుగేళ్లేరా ఈ చెయ్యి,” అన్నాడు ఏసుబాబు ఒక రోజు, టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని.

“గట్లనకు అన్నా. గసొంటి మిషన్ మనమే చేద్దాం. మోటుపని అది చేస్తది, సన్నపని నువ్వు చెయ్యి. నీ చెయ్యి ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది, నేను జూస్త,” అన్నాడు రూప్లా.

ఊరికే అన్న మాట కాదది. సూర్యాపేట పాతసామాన్ల అంగళ్లు తిరిగి బరువైన ఇనుప గొట్టాలు తెచ్చి తన షెడ్డులోనే చట్రం వెల్డింగ్ చేశాడు. మోటర్ల దగ్గరికొచ్చేసరికి కూతురు అఖిలను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అఖిల డిప్లొమా చదువుతోంది, వాళ్ల తండాలో అందరిలాగే తండ్రిని ‘బా’ అని పిలుస్తుంది.

“సర్వో మోటరుకు వెనక కన్ను లెక్క ఒకటి ఉంటది బా. చెప్పిన కాడికి పోయిన్నా లేదా అని సూస్కుంటది. స్టెప్పర్ మోటరుకు అది ఉండదు. అడుగులు లెక్కవెట్టుకుంట పోతనే ఉంటది. మధ్యల ఏమన్న అడ్డమొచ్చినా దానికి తెల్వది.”

“సర్వోలు కొంటే మిషన్ మిగుల్తది గని షెడ్డు మిగలది బిడ్డా. స్టెప్పరే కానియ్.”

అందులో తప్పేమీ లేదు. ఇంట్లో చేసుకునే మిషన్లు చాలావరకు స్టెప్పర్ల మీదే నడుస్తాయి. రూప్లా ఎంపిక కూడా దిట్టంగానే చేశాడు. చవకగా వచ్చే చిన్న మోటర్లను పక్కకు నెట్టి టేకును తట్టుకునే బరువైనవి పెట్టాడు. వాటిని నడిపే డ్రైవర్ బోర్డులు వేడెక్కకుండా ఫ్యాన్లు బిగించాడు. పవర్ సప్లై అవసరానికంటే ఒక మెట్టు పెద్దది తీసుకున్నాడు. చెక్కను తొలిచే బిట్టును తిప్పే స్పిండిల్ మోటరు పాతది దొరికితే బేరింగులు మార్చి కొత్తదాన్ని చేశాడు. ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎంచినవాడు ఒక్కచోట నవ్వేశాడు.

“ఇదేందే ఎర్రగ, పుట్టగొడుగు లెక్క?”

“ఎమర్జెన్సీ స్టాప్ బా. ఒక్క గుద్దు గుద్దితే అన్నీ బందయితయి. మళ్ల మనిషి చేత్తోని తిప్పి లేపితేనే లేస్తది.”

“ఆపనీకె గుండీ కొంటరానే ఎవరన్న? ఇన్నేండ్ల సంది నా కాడికొచ్చిన ఒక్కడన్న మోటరు ఆపమన్నడా? తిరగాలె, తిరగాలె అనేటోళ్లే అందరు!”

ధర చూసి కాదు, అది ప్లేటు బిర్యానీ అంత కూడా ఉండదు. దాని అవసరమే అతని బుర్రకు ఎక్కలేదు. కొనే సామాన్లలోంచి దాన్ని తీసేశాడు, అఖిల మూతి ముడుచుకుని లేచిపోయింది.

మిషన్ నడిచింది. కంప్యూటరు తెర మీద ఉన్న ఆకు టేకుచెక్క మీద అలాగే దిగుతుంటే ఏసుబాబు కళ్లు చెమర్చాయి. రెండో రోజే కరెంటు పోయింది. కంప్యూటరు, స్టెప్పర్లు ఇన్వర్టరు మీద ఉన్నాయి. స్పిండిలేమో బయటి లైను మీద ఉంది. బిట్టు తిరగడం ఆగిపోయింది, స్టెప్పర్లు మాత్రం వెనకా ముందూ చూడకుండా ఆగిన బిట్టును చెక్కలోకి నెట్టుకుంటూ పోయాయి. బిట్టు ఫట్టుమని విరిగి, ఒక ముక్క ఏసుబాబు చెవి పక్కనుంచి పోయి రేకుకు తగిలింది.

చూశారా, అప్పుడైనా భయపడాల్సింది. రూప్లా భయపడలేదు, ఉత్సాహపడ్డాడు. ఇది అతనికి తెలిసిన రోగమే! అటకమీంచి తన పాత డబ్బా దించాడు. కరెంటు పోగానే స్టెప్పర్లు ఉన్నచోటే ఆగాలి. వచ్చాక కొన్ని క్షణాలకు స్పిండిల్ దానంతట అదే తిరగాలి, అది వేగం అందుకున్నాక స్టెప్పర్లు కదలాలి. మనిషి ముట్టుకోనక్కర్లేదు. అలా బిగించాడు.

“వద్దు బా,” అంది అఖిల. “కరెంటొచ్చినా అది ఆగే ఉండాలె. మనం సూసి గుండీ నొక్కినంకనే తిరగాలె.”

“ఒచ్చిన కరెంటును వాకిట్ల నిలవెడ్తరానే?” అన్నాడు రూప్లా, నిజంగానే నొచ్చుకుని.

అతని భార్య భూలికి ఆ మిషనంటే మొదటినుంచీ గిట్టదు. కరెంటు లేనప్పుడు బిట్టు చెక్కలో దిగబడి అలా నిలబడి ఉంటే దాని కింద ఊడ్చేది కాదు. “అది ఆగినట్టు లేదు, ఊపిరి బిగవట్టుకున్నట్టున్నది,” అనేది. ఏసుబాబు నవ్వేవాడు. ఆగినప్పుడల్లా అతను చెయ్యి పెట్టి పొట్టు తీసి, మిషన్ చింపిన పోగులను ఉలితో సరిచేసేవాడు. చెక్కే మనిషి కదా, కళ్లముందు పువ్వు అంచు లేచి ఉంటే ఊరుకోలేడు. “అన్నా, చెయ్యి తియ్యి,” అని రూప్లా ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా. తర్వాత అలవాటైపోయింది, అనడం మానేశాడు.

ఎండాకాలం మధ్యాహ్నం. చర్చి తలుపు పని నడుస్తోంది, రెక్క నిండా ద్రాక్ష గెలలే. అఖిల కాలేజీకి, భూలి తండాకు వెళ్లారు. గాలిదుమారం లేచి తెరిపిచ్చింది, కరెంటు మాత్రం పోయింది. ఏసుబాబు గుమ్మంలో కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. రూప్లా లైన్‌మన్ మల్లేష్‌కు ఫోన్ చేస్తూ రోడ్డు మీదికి నడిచాడు.

“నేను మిర్యాలగూడల పెండ్లి కాడున్న అన్నా. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజు పోయుంటది. నువ్వే ఏసెయ్, నీకు కొత్తనా?”

కొత్త కాదు. అలా వేయడం తప్పని తెలుసు, అయినా ఎన్నోసార్లు వేశాడు. “ఇప్పుడే వస్త అన్నా,” అని ఏసుబాబుకు ఒక కేక వేశాడు. ఎక్కడికో చెప్పలేదు. అయ్యో, ఆ ఒక్క మాట చెప్పి ఉంటే! టీకి పోతున్నాడనుకున్నాడు ఏసుబాబు. ఇలాంటి గాలికి పోయిన కరెంటు పొద్దుగూకే దాకా రాదని ఆ ఊళ్లో చిన్నపిల్లకైనా తెలుసు. నూరిన ఉలి పట్టుకుని లేచాడు.

ట్రాన్స్‌ఫార్మర్ రోడ్డుకు అవతల, చేలో ఉంది. స్తంభానికున్న హ్యాండిల్ కిందికి గుంజి లైను ఆపి, ఫీజుకు కొత్త తీగ చుట్టి పెట్టి, రూప్లా హ్యాండిల్‌ను మళ్లీ పైకి నెట్టాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత దగ్గర బోరు గుర్రుమంది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అన్నీ తన డబ్బాలే, ఒక్కొక్కటే నిద్రలేస్తున్నాయి. ఎప్పటిలాగే అతని ఛాతీ పొంగింది. ఏ బోరు ఏ రైతుదో శబ్దాన్ని బట్టి పోల్చుకుంటూ నిలబడ్డాడు.

అప్పుడు షెడ్డులోంచి స్పిండిల్ కూత మొదలైంది. సన్నగా మొదలై పైకి లేస్తోంది. గుమ్మంలో ఏసుబాబు లేడు.

“అన్నా!” అని అరుస్తూ రూప్లా రోడ్డుకడ్డంగా పరుగెత్తాడు. కూత ఒక్కసారి బొంగురుపోయింది, దాని మీదుగా ఏసుబాబు కేక వినిపించింది. లోపలికెళ్లి స్పిండిల్ వైరు పీకేసరికి జరగాల్సిందంతా జరిగిపోయింది. ద్రాక్ష గెలల మధ్య పొట్టు ఎర్రగా తడిసి ఉంది.

సూర్యాపేట పెద్ద దవాఖానలో కుడిచేతి బొటనవేలు, చిటికెనవేలు మిగిల్చారు. మధ్యవి అతకలేదు. మర్నాడు ఏసుబాబు కళ్లు తెరిచేసరికి రూప్లా మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు.

“నువ్వేడవకురా,” అన్నాడు ఏసుబాబు. “నీదేం తప్పుంది, మిషన్ ఆగుంది కదాని నేనే చెయ్యి పెట్టాను. ఆ లైన్‌మనెవడో చెప్పాపెట్టకుండా కరెంటు వదిలాడు చూడు, వాణ్ని దేవుడు చూసుకుంటాడు.”

ఆ మాటను రూప్లా అలాగే వదిలేసినా అడిగేవాడు లేడు.

“లైన్‌మన్ కాదన్నా. ఫీజు నేనేసిన.”

ఏసుబాబు మొహం మారలేదు. అర్థం కావడానికి టైము పట్టినట్టుంది. కట్టు కట్టిన చేతిని గుండెల మీదికి జరుపుకున్నాడు.

“మిషన్ శబ్దం నీకు వినబడలేదా?”

“ఇనవడ్డది.”

“మరి హ్యాండిల్ నీ చేతిలోనే ఉంది కదరా. మళ్లీ కిందికి లాగకపోయావా?”

నిజమే, లాగితే రోడ్డు దాటే లోపే అన్నీ ఆగిపోయేవి, ఒక్క వేలైనా మిగిలేదేమో. వచ్చిన కరెంటును తియ్యొచ్చన్న సంగతి ఆ క్షణాన తనకు తట్టనే లేదని రూప్లా ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఏసుబాబు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.